తప్పిన పరీక్షకు తిరిగి తయారీ
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు విషయమై నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని ఆదేశించారు. చదువు అనగానే సభల్లో ర్యాంకుల గురించే మాట్లాడుకుంటాము. ప్యాసైన పిల్లలకు శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి, చప్పట్లు కొడతాము. అది మంచిదే. కాని తప్పినవారి ప్రసక్తి ఏ సభలోనూ రాదు. ఈ రోజు మేము వారి గురించే మాట్లాడదలిచాము. అందులోనూ నర్సు చదువు పూర్తిచేసి, విదేశంలో పనిచేసే లైసెన్సు కోసం పరీక్ష రాసి, రెండుసార్లో మూడుసార్లో తప్పి, మళ్ళీ రాయాలా మానుకోవాలా అని తేల్చుకోలేక ఇంట్లో కూర్చున్న మన ఆడపిల్లల గురించి.

ఉర్దూ పంతుళ్ళకు ఆస్పత్రి విషయాలతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఇంగ్లీషు వాక్యానికి అర్థం చెప్పమని ఈ పిల్లలు పుస్తకాలు పట్టుకొని మా దగ్గరకే వస్తుంటారు. వైద్యం మాకు తెలియదు. పరీక్ష అంటే ఏమిటో, తప్పడమంటే ఏమిటో మాత్రం కాస్త తెలుసు.

నర్సు పని మనకు తక్కువదేమీ కాదని ముందుగా మనవి చేస్తున్నాము. క్రీ.శ. 627లో ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్‌ను మస్జిదు దగ్గర వేసిన రుఫైదాగారి గుడారంలోనే వుంచి చూసుకున్నారు. మన ప్రాంతం సంగతి చూస్తే, డాక్టర్ అన్నా కుగ్లర్ అనే అమెరికా వనిత 1898లో గుంటూరులో ఆడవారి కోసం ఆస్పత్రి తెరిచారు. పరదాలో వుండే స్త్రీలకు ఆడ డాక్టరు, ఆడ నర్సు ఎంత అవసరమో ఆ రోజుల నుంచీ మన ఇళ్ళకు తెలుసు. కాబట్టి “నర్సు పనా?” అని మూతి విరిచే పెద్దలు ఒక్కసారి ఆలోచించాలి.

ఇక పరీక్ష సంగతికి వద్దాము. మన దగ్గర ఇప్పటిదాకా మూడేళ్ళ జి.ఎన్.ఎం. గాని, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగు గాని ప్యాసై, రాష్ట్ర కౌన్సిలులో పేరు నమోదైతే నర్సే. విదేశాల వారు దానితో సరిపెట్టుకోరు. తమ పరీక్ష తాము పెడతారు. సౌదీ వంటి గల్ఫ్ దేశాలకు కంప్యూటరు మీద ప్రోమెట్రిక్ పరీక్ష వుంది, దానితోపాటు సర్టిఫికెట్లు నిజమైనవో కావో చూసే డేటాఫ్లో తనిఖీ వుంది. బ్రిటన్‌కు కంప్యూటరు పరీక్ష ఒకటి, చేసి చూపించే పరీక్ష మరొకటి. అమెరికాకు ఎన్‌క్లెక్స్. మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పదేపదే తప్పుతున్నది ఈ ఎన్‌క్లెక్స్ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాము. ఇందులో చెప్పే మాటలు మిగతా పరీక్షలకూ చాలావరకు పనికివస్తాయి.

ఈ పరీక్ష తీరు మన పరీక్షల తీరు కాదు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం వుండదు. సరిగా జవాబు చెబితే కంప్యూటరు మరింత కష్టమైన ప్రశ్న ఇస్తుంది, తప్పు చెబితే కాస్త తేలిక ప్రశ్న ఇస్తుంది. వెనక్కు వెళ్ళి దిద్దుకోవడానికి లేదు, వదిలేసి ముందుకు పోవడానికీ లేదు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన పద్ధతిలో తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. వ్యవధి 5 గంటలు. ఈ అమ్మాయి హద్దుకు పైన వుందో కింద వుందో నూటికి 95 పాళ్ళు నిశ్చయం కాగానే మిషను ఆగిపోతుంది. అంటే 85 దగ్గర ఆగినంత మాత్రాన ప్యాసూ కాదు, ఫెయిలూ కాదు. ఎంత బాగా రాసినవారికైనా పరీక్ష కష్టంగానే తోస్తుంది, ఎందుకంటే దాని పనే అది. ఇది తెలియక చాలామంది ముప్ఫయ్యో ప్రశ్న దగ్గరే “నా పని అయిపోయింది” అని గుండె జారవిడుచుకుంటారు. ఆ తరువాత చదివే ప్రశ్నలు కళ్ళకే గాని బుర్రకు ఎక్కవు.

తప్పిన వారికి 45 రోజులు గడిస్తేగాని మళ్ళీ అవకాశం లేదు. ప్రతిసారీ 200 డాలర్ల ఫీజు, పరాయి దేశంలో రాసినందుకు మరో 150 డాలర్లు. పన్నులు గాక, మన రూపాయల్లో సుమారు 30 వేలు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలోనో, మిర్చి యార్డులోనో కష్టపడే తండ్రికి ఆ 30 వేలు ఎన్ని నెలల చెమటో మీకు మేము చెప్పనక్కరలేదు. అందుకే మళ్ళీ రాసేముందు ఎందుకు తప్పామో తెలుసుకోవాలి. మళ్ళీ చదవడం వేరు, తిరిగి తయారవడం వేరు. మేము ఈ రోజు చెప్పదలిచిన అసలు మాట ఇదే.

మూడోసారి తప్పిన అమ్మాయిని “ఈసారి ఏం చేస్తావు బేటీ?” అని అడిగితే, “ఇంకా బాగా చదువుతాను సార్” అంటుంది. ఏ పుస్తకం? అదే పుస్తకం. ఎక్కడ నుంచి? మొదటి పేజీ నుంచి. వచ్చినదే మళ్ళీ చదువుతుంది, ఎందుకంటే వచ్చినది చదివితే మనసుకు హాయిగా వుంటుంది. రాని పాఠం నాలుగోసారికి కూడా రానిదిగానే మిగిలిపోతుంది.

తప్పిన వారికి ఒక నివేదిక కాగితం వస్తుంది. ఏ భాగంలో హద్దుకు పైన, ఏ భాగంలో దగ్గర, ఏ భాగంలో కింద వున్నారో అందులో వుంటుంది. మందుల భాగం వేరు, అంటురోగాల నివారణ, రోగి భద్రత వేరు, వార్డులో పని పంపకం వేరు. ఫెయిల్ అన్న మాట చూడగానే ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేస్తారు. తయారీ మొదలు కావలసింది ఆ కాగితం నుంచే. “కింద” అన్న భాగాలకు సగం కాలం, “దగ్గర” అన్నవాటికి మిగతాదాంట్లో ఎక్కువ వంతు, “పైన” అన్నవాటికి వారానికోసారి చూపు. అంతే.

ఇక మా దగ్గరకు వచ్చే పిల్లలు చేసే తప్పుల్లో నాలుగు రకాలు కనిపించాయి.

మొదటిది పేర్ల తేడా. మన వార్డులో పారాసెటమాల్ అంటాము, అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. మన అడ్రినలిన్ వారికి ఎపినెఫ్రిన్, మన సాల్బుటమాల్ వారికి ఆల్బుటెరాల్. మందు తెలిసీ పేరు తెలియక మార్కు పోతుంది.

రెండోది లెక్క. బిడ్డ బరువు 44 పౌండ్లు అని ఇస్తారు. 2.2తో భాగించి 20 కిలోలు చేసుకోవాలి. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 300 మిల్లీగ్రాములు. సిరప్ 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములుంటే 12.5 మి.లీ. పోయాలి. ఐదో తరగతి త్రైరాశికమే! రోజుకు ఐదు లెక్కలు చేస్తే నెలకు చెయ్యి తిరుగుతుంది. లెక్కను చూసి భయపడినవారు మాత్రం ప్రతిసారీ అక్కడే జారుతారు.

మూడోది అన్నిటికంటె పెద్దది. మన ఆస్పత్రుల్లో డాక్టరుగారు చెబితే నర్సు చేస్తుంది. ఆ పరీక్షలో నర్సు స్వయంగా ముందేం చెయ్యాలని అడుగుతారు. నలుగురు రోగులున్నారు, మొదట ఎవరి దగ్గరకు వెళ్తావు? ఒకరికి ఆపరేషను నొప్పి, ఒకరికి షుగరు 180, ఒకరు ఇంటికి పోవడానికి కాగితాలు అడుగుతున్నారు, నాలుగోవారు ఉబ్బసం మనిషి, ఇంతసేపూ వినిపించిన పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మన పిల్ల ఏమనుకుంటుంది? కూతలు ఆగాయి, నయమైంది అనుకుంటుంది. నిజానికి గాలి ఆడడమే ఆగిపోతున్నదేమో! ముందు పరుగెత్తవలసింది అక్కడికే. ఇటువంటి బుద్ధి బట్టీ వల్ల రాదు. ప్రతి ప్రశ్నకూ “ఇది ఎందుకు సరి? మిగతా మూడూ ఎందుకు కావు?” అని నోటితో పైకి చెప్పుకుంటే వస్తుంది. 2023 నుంచి ఒకే రోగి కథమీద వరుసగా ఆరు ప్రశ్నలు వస్తున్నాయి. గుర్తులు పట్టడం, వాటి అర్థం తెలుసుకోవడం, ఏది ముఖ్యమో తేల్చడం, ఉపాయం ఆలోచించడం, చెయ్యడం, ఫలితం చూడడం. బట్టీ చదువుకు అక్కడ చోటు ఇంకా తగ్గింది.

నాలుగోది భాష. ఇది మా రంగం. ఉర్దూ మీడియంలో పదోతరగతి దాకా చదివిన పిల్లకు జబ్బు ఉర్దూలో తెలుసు, రోగితో మాట తెలుగులో వచ్చు, ప్రశ్న మాత్రం ఇంగ్లీషులో వుంటుంది. “రోగి చెప్పిన ఏ మాట వల్ల ఆయనకు ఇంకా నేర్పవలసి వుందని తెలుస్తుంది?” అని అడుగుతారు. అంటే రోగి చెప్పిన తప్పు మాటే ఇక్కడ సరైన జవాబు! తొందరలో మన పిల్ల మంచి మాట చూసి దానికి టిక్కు పెడుతుంది. విషయం రాక కాదు, ప్రశ్న తిరగబడి వుందని చూడక. అందుకు మేము చెప్పే ఉపాయం మూడు గళ్ళ నోటుబుక్కు. ఒక గడిలో ఇంగ్లీషు మాట, ఒక గడిలో తెలుగు, ఒక గడిలో ఉర్దూ. రోజుకు పది మాటలు. “మొట్టమొదట”, “తప్ప”, “వెంటనే”, “ఇంకా అవసరం” వంటి మాటలు వచ్చిన చోటల్లా గీత గీయాలి. ఉర్దూ మీడియం శాపం కాదు. ఒక విషయాన్ని మూడు భాషల్లో చెప్పగలిగిన పిల్లకు అది మిగతావారికంటె లోతుగా నాటుకుంటుంది.

ఎన్ని నెలలు చదవాలి? 45 రోజులు కాగానే మొదటి తేదీ పట్టుకోవడం మంచిది కాదు. నరసరావుపేటలో రాత్రి డ్యూటీ చేసి, తెల్లవారి బస్సెక్కి మాచర్లకో గురజాలకో చేరే పిల్లకు రోజుకు రెండు గంటలు దొరికితే గొప్ప. ఆ లెక్కన మూడు నాలుగు నెలలు పడుతుంది. చివరి నెలలో మాత్రం కదలకుండా ఐదు గంటలు కూర్చొని పూర్తి పరీక్ష రాసి చూసుకోవాలి. అలాగని ఏళ్ళ తరబడి వాయిదా వెయ్యడమూ ప్రమాదమే. కొన్ని రాష్ట్రాలు ఎన్నిసార్లు రాయవచ్చో హద్దు పెడతాయి. ఫ్లోరిడాలో మూడుసార్లు తప్పితే మళ్ళీ తరగతులకు హాజరైతేగాని రాయనివ్వరు. ఏ రాష్ట్రం ద్వారా దరఖాస్తు పెట్టారో అక్కడి నియమం ముందే చూసుకోవాలి.

అడ్డదారుల గురించి ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో “అసలు ప్రశ్నలు” అమ్మేవారున్నారు, “డబ్బిస్తే ప్యాసు చేయిస్తాము” అనేవారున్నారు. 2023 జనవరిలో అమెరికాలోనే, ఫ్లోరిడాలో, 7,600కు పైగా దొంగ నర్సింగు డిప్లొమాలు అమ్మిన ముఠాను పట్టుకున్నారు. వాటిని కొన్నవారిలో లైసెన్సులు పోగొట్టుకున్నవారున్నారు. పోయిన డబ్బు ఎలాగో సంపాదించుకోవచ్చు, పోయిన పేరు తిరిగిరాదు. అయినా రోగి ప్రాణం మీదికి తెచ్చే ప్యాసు మనకెందుకు?

ఇక తల్లిదండ్రులకు మూడు మనవులు.

ఒకటి, ఆ పిల్లకు ఇంట్లో రెండు గంటలు నిశ్శబ్దం ఇవ్వండి. కొడుకు పరీక్షకు టీవీ కట్టేసే ఇల్లు, కూతురి పరీక్షనాడు చుట్టాలకు టీ పెట్టమంటుంది. రోజాల నెలలో సహరీ, ఇఫ్తారు వంటపనంతా ఆమె మీదే పడితే ఏ పుస్తకం చదువుతుంది? వదినలు, తమ్ముళ్ళు కాస్త చెయ్యి వెయ్యాలి.

రెండు, “నాలుగుసార్లు తప్పింది, ఇక షాదీ చేసేద్దాం” అని తప్పును పెళ్ళితో ముడిపెట్టకండి. షాదీ శుభకార్యం, దాన్ని శిక్ష చెయ్యకూడదు. మళ్ళీ రాయాలో మానాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. మానుకుంటానంటే అదీ అవమానం కాదు. ఆమె ఇక్కడ రిజిస్టరైన నర్సు, మన ఊరి రోగులకూ మంచి నర్సు కావాలి.

మూడు, ఎన్నిసార్లు తప్పిందో వీధిలో లెక్క చెప్పకండి. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని మన పెద్దలు వూరికే అనలేదు.

సంఘం పెద్దలకు ఒక మనవి. ప్యాసైన వారికిచ్చే బహుమతుల సొమ్ములో కొంత భాగం తిరిగి రాసేవారి ఫీజుకు అప్పుగా, వడ్డీ లేకుండా ఇవ్వండి. ఉద్యోగం వచ్చాక తిరిగి కడతారు, ఆ డబ్బు మరో పిల్లకు పనికివస్తుంది. ఆదివారం పూట మా బడిలో ఒక గది, ఒక బల్ల, ఒక కంప్యూటరు వుంటే నలుగురు పిల్లలు కలిసి కూర్చొని ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటారు. ఇంగ్లీషు భాగం చూడడానికి మేము సిద్ధంగా వున్నాము. ఇప్పటికే విదేశాల్లో లైసెన్సు పొంది పనిచేస్తున్న నర్సులు సెలవుకు వచ్చినప్పుడు ఒక్క పూట వచ్చి కూర్చుంటే, ఏ పుస్తకంలో లేని సంగతులు చెబుతారు.

చివరగా ఆ పిల్లలకు ఒక మాట. అమ్మా, ఆ కంప్యూటరుకు నువ్వెవరో తెలియదు. మీ అబ్బా పడిన కష్టం తెలియదు, రాత్రి డ్యూటీలో నువ్వు తుడిచిన కన్నీళ్ళు తెలియవు. ఆ రోజు, ఆ గంటల్లో నువ్వు ఇచ్చిన జవాబులే దానికి తెలుసు. కనుక అది ఫెయిల్ అన్నది ఆ జవాబులనే, నిన్ను కాదు. బీరువాలోని ఆ కాగితం బయటకు తియ్యి. నోటుబుక్కులో మూడు గళ్ళు గీయి. రేపు ఫజర్ తరువాత మొదలుపెట్టు.