చీటీ మీద పని పేరు లేదు
(జగిత్యాల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న కోరుట్లలో బీడీలు చుట్టే ఒక అక్క ఇంటికి పోయినం. ఇరవై ఏండ్ల సంది ఒళ్లో చాట, చాటలో తంబాకు. దగ్గు తగ్గుతలేదు. దవాఖాన చీటీలన్నీ పాలిథిన్ కవర్లో దాచిపెట్టుకున్నది. ఒక్కొక్కటే తిరగేసినం. పేరున్నది, వయసున్నది, ఊరున్నది. ఏం పని చేస్తదో ఒక్క చీటీ మీద లేదు. అడిగినోళ్లు లేరు, రాసినోళ్లు లేరు. దగ్గు మందు మాత్రం ప్రతిసారీ రాసిండ్రు.

పరిశోధన అంటే మైక్రోస్కోపు అనుకుంటం. అది ఆ చీటీ దగ్గర్నే మొదలు కావాలె.

మన గడ్డకు ఇది కొత్త కాదు. పోషకాహార పరిశోధన సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. జొన్నరొట్టె మీద బతికే పేదలకు పెల్లగ్రా ఎందుకొస్తున్నదని ఆ సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకాంతియా వెతికిండ్రు. జొన్నలోని ల్యూసిన్ మీద అనుమానపడి 1960లో 'లాన్సెట్'లో రాసిండ్రు. ఆ వాదన తర్వాత మస్తు చర్చకు గురైంది, అది వేరే సంగతి. రోగిని 'ఏం తింటవ్' అని అడిగిండ్రు, అదీ ముచ్చట. మన అక్కను 'ఏం చేస్తవ్' అని ఎవలడగాలె?

సంస్థలు లేవనే రోజులు పోయినయ్. నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నది. పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో మెడికల్ కాలేజీలొచ్చినయ్. ఇవన్నీ ఒక్క బల్ల చుట్టూ కూసున్న జాడ మాత్రం మాకు కనపడలేదు.

సిరిసిల్లకు పోదాం. సాంచాల కాడ పన్నెండు గంటలు నిలబడ్డ కార్మికుడు ఇంట్లో గట్టిగ మాట్లాడుతడు. పెండ్లాం పిల్లలు కోపమనుకుంటరు. కోపం కాదు, చెవులు వినపడయ్. షెడ్డులో మోత ఎంతున్నదో ఇంజనీరింగ్ పిల్లలు కొలవొచ్చు. వినికిడి పరీక్ష మెడికల్ కాలేజీ చెయ్యొచ్చు. రెండు లెక్కలు పక్కపక్కన పెడితే ఆసామి ముందట, సర్కారు ముందట కాగితం పెట్టి మాట్లాడొచ్చు. నేతన్నల ఆత్మహత్యలప్పుడు మేం శవాలను లెక్కపెట్టి రాసినం. బతికున్నోళ్ల చెవులను, ఊపిరితిత్తులను లెక్కపెట్టలేదు. ఆ తప్పు మా పత్రికలోళ్లది కూడా.

ఎంబీబీఎస్ విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న నిబంధన ఇప్పుడున్నది. ఆ కుటుంబాలు బీడీ వాడల్లో, సాంచాల గల్లీల్లో ఎందుకుండొద్దు? వృత్తి రోగాల జాతీయ సంస్థ అహ్మదాబాద్‌లో ఉన్నది. వాళ్లను పిలవాలె, కానీ వాళ్ల కోసం ఎదురుచూసుడెందుకు?

ఇంకో మాట. ఆ అక్క మమ్మల్ని అడిగింది: "మీరు రాసినంక బీడీలు బంద్ చేపిస్తరా? మరి మేమెట్ల బతుకాలె?" మా దగ్గర జవాబు లేకుండె. గాలి ఆడే అర్ర ఏ మేరకు పనికొస్తదో, చేతి తొడుగుతోని రోజుకు వెయ్యి బీడీలు చుట్టొచ్చో లేదో, పని మారితే కూలి ఎంతొస్తదో, పరిశోధన ఇవి కూడా తేల్చాలె. నెత్తురు తీసుకపోయి ఇంగ్లీషు పత్రికలో అచ్చేసుకునే చదువు మనకొద్దు. ఫలితం ముందుగల్ల ఆ వాడలోనే, మన భాషలో చదివి వినిపించాలె.

వచ్చే సోమవారం దవాఖాన సూపరింటెండెంట్‌ను కలుస్తున్నం. ఓపీ చీటీ మీద 'పని' అని ఒక గడి పెట్టుమని అడుగుతం. మాతోని వచ్చేటోళ్లు పోయేముందు పేర్లు రాసిచ్చి పోండ్రి.