జపానులో నలుగురం



జపాను అనగానే చెర్రీపూల కబుర్లు చెబుతాననుకుంటారు మీరు. ఆ పూలకోసమే కాలేజీనాటి స్నేహితురాళ్ళం నలుగురం 2023 ఏప్రిల్లో బయలుదేరాం. తీరా క్యోటో చేరేసరికి అవి చాలావరకు రాలిపోయాయి. ఆ ఏడు మార్చిలోనే విరగబూశాయట! పెళ్ళి అయిపోయాక వెళ్ళిన పేరంటాళ్ళలా అయింది మా పని.

పోనీలే అని నారా వెళ్ళాం. అక్కడి తోదాయిజీ ఆలయంలో దాదాపు 15 మీటర్ల కంచుబుద్ధుడున్నాడు. 752లో ఆ విగ్రహానికి కన్నులు తెరిపించే ఉత్సవం జరిపినవాడు మన దేశంనుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. అంత దూరంలో మనవాడి మాట వినగానే ఏదో చుట్టరికం కలిసినట్టనిపించింది. బయట తోటలో జింకలు బిస్కెట్టుకోసం తలవంచి దణ్ణం పెడతాయి. ఆలస్యమైతే మాత్రం కొంగు పట్టుకు లాగుతాయి!

ఇక తిండి సంగతి. మాలో ఒకామె పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదు. అన్నమూ, మిసో సూపూ దొరికితే చాలు, ఆమెకు పండగే. మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. "అచ్చం మన పప్పుచారేనే!" అంటూ పూటకు రెండు గిన్నెలు తాగేది.

రెండోనాడు బసలో వంటచేసే ఆమెను ఊరికే అడిగాను, ఇంత రుచి ఎలా వస్తుందని. ఆవిడ నవ్వుతూ ఒక డబ్బా మూత తీసి చూపించింది. చిత్రిక పట్టిన చెక్కపొట్టులా పల్చని రేకులు. ఎండబెట్టి, పొగబెట్టిన చేప! ఆ రేకులూ, కొంబు అనే సముద్రపు నాచూ వేసి తీసే రసాన్ని దాషి అంటారు. సూపులోనే కాదు, నూడుల్సులో, ఉడికించిన కూరల్లో కూడా అది ఉంటుంది. మీలో శాకాహారులెవరైనా వెళ్తే, "మాంసం వద్దు, చేప వద్దు" అంటే చాలదు. "చేప దాషి కూడా వద్దు" అని జపానీలో కాగితంమీద రాయించుకోండి.

మరి ఆమెకు చెప్పానా? చెప్పలేదు. తెలియక తిన్నదానికి దోషం లేదని సర్దిచెప్పుకున్నాను. కాని నాకు తెలుసుగా! మరి రెండురోజులు ఆమె తాగుతూంటే చూస్తూ కూర్చున్నాను.

నాలుగోనాడు హిరోషిమా వెళ్ళే షింకాన్‌సెన్ రైల్లో ఉండబట్టలేక చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అని మాత్రం అడిగింది. చెప్పాను. కిటికీవైపు తిరిగిపోయింది. మిగతా ఇద్దరూ నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నారు. ఆ రైలు ఎంత వేగంగా పోయినా నాకు కదిలినట్టే లేదు.

హిరోషిమా మ్యూజియంలో ఒక టిఫిన్ డబ్బా ఉంది. 1945 ఆగస్టు 6న, ఉదయం 8.15కు బాంబు పడ్డప్పుడు పదమూడేళ్ళ కుర్రవాడి దగ్గర ఉన్నది. తల్లి వెతికి వెతికి కొడుకు శవాన్ని పోల్చుకుంది. డబ్బా కూడా అక్కడే ఉంది. లోపలి అన్నం బొగ్గయిపోయింది. మధ్యాహ్నం తింటాడని కట్టిచ్చిన అన్నం.

మా స్నేహితురాలు దానిముందు చాలాసేపు నిలబడింది. బయటికొచ్చాక, "పొద్దుటినుంచీ నువ్వూ ఏమీ తినలేదు, పద" అంది. అంతే. ఇంకే మాటా లేదు.

మళ్ళీ క్యోటో చేరాక బౌద్ధమఠాల భోజనం పెట్టేచోటికి వెళ్ళాం. దాన్ని షోజిన్ ర్యోరి అంటారు. దాషి కూడా కొంబుతోనూ పుట్టగొడుగులతోనూ చేస్తారు, చేప ఉండదు. అదంతా ముందే చదివి చెప్పాను. అయినా సూపుగిన్నె ముందుకు రాగానే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని నావైపు చూసింది.

"వెళ్ళి అడిగిరావే" అంది.

లేచి వెళ్ళాను.