గుడి పుస్తకములో ముత్తాత

ఇంగ్లండులో 1538 నాటి రాజాజ్ఞ మొదలు ప్రతి గ్రామపు చర్చిలోను జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు వ్రాసి యుంచిరి. అక్కడివారు తమ వంశమును ఆ పుటలలో వెదకుదురు. ఆ దేశపు మిల్‌హిల్ సభ గురువులు గుంటూరు సీమకును వచ్చి పనిచేసిరి గదా యని, మేమును రెంటచింతల గుడి పుస్తకమును తెరచితిమి.

మా ముత్తాత రాయప్ప. పుస్తకమంతయు లాటిను; రాయప్ప యెచ్చటను కానరాడు. ఆయన ఈ యూరివాడే కాడేమో యని మరలిపోవుచుండగా ఒక వృద్ధుడు నవ్వి, “పేత్రుసును చూచితిరా నాయనా?” అనెను. పేతురనగా రాయి, ఆ రాయియే రాయప్ప. అట్లే పౌలు చిన్నప్ప, ఇగ్నేషియసు ఇన్నయ్య, జేవియరు శౌరి.

మరల చూచితిమి. ఒకే యేట ముగ్గురు పేత్రుసులు! విదేశీ గురువు తన చెవికి సోకినట్లు వ్రాసికొన్న ఇంటిపేరే, అక్షరములు తారుమారైనను, దారి చూపినది. ముత్తాత తల్లి పేరు మాయింట నెవరికిని తెలియదు. అక్కడ ‘ఆగథా’ అని యున్నది. ఇంట ఆగతమ్మ అని పిలిచియుందురు.