పిండోత్పత్తియందు తల్లి అండము: జన్యువాదమునకు ఒక ప్రత్యుత్తరము
(దుమ్ముగూడెమున గావించిన స్మారకోపన్యాసము)



 ఈ ధర్మనిధి ఎవరి స్మారకార్థము నెలకొన్నదో ఆ మా మాష్టారి గుణగణములను నాకంటె చక్కగా కీర్తింపగలవారు ఈ సభలో పెక్కుమంది కలరు. ఆ పని వారికే విడిచెదను. నేను చెప్పదగినది ఒక్కటే. తొలకరి వానలకు నిండిన కుంటనుండి కప్పగ్రుడ్లు తెప్పించి, గాజుపళ్లెమునందుంచి, వాని నల్లని పైభాగమును, తెల్లని క్రిందిభాగమును మాచేత గుర్తింపజేసి, “ఈ భేదము తండ్రి తెచ్చినదా, తల్లి పెట్టినదా?” అని ఆయన మమ్ము అడిగెను. సమాధానము తాను చెప్పలేదు. మేము తొందరపడి చెప్పబోగా ఒప్పుకొనలేదు. నా జీవితకాలపు వాదమంతయు ఆ ప్రశ్ననుండి పుట్టినది గావున, నేడు ఆయనకు నేనర్పింపగల నివాళి ఆ వాదమే.

ఆ ప్రశ్నకు సమాధానమును నేను వెదకినది కప్పయందు గాక సీ అర్చిన్ అను ప్రాణియందు. అది కేవలము సముద్రజీవి. దాని వర్గమైన కంటకచర్ములలో మంచినీట బ్రతుకునది ఒక్కటియు లేదు. అయినను పిండశాస్త్రమునకు ఆధారములైన సత్యములను ఇంత స్పష్టముగా చూపిన ప్రాణి మరియొకటి అరుదు. దాని ఫలదీకరణమును 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ వర్ణించిన విధమును, విదళనము, బ్లాస్టులా, గాస్ట్రులా, ప్లుటియస్ డింభకము అను దశలను కళాశాల పుస్తకములన్నియు బోధించుచున్నవి. వానిని ఇచ్చట వల్లించి మీ కాలము హరింపను.

నా వివాదము వేరు. పిండము యొక్క నిర్మాణమంతయు దాని జన్యువులందే లిఖితమై యున్నదనియు, కణద్రవ్యము ఆ శాసనమును శిరసావహించు సేవకమాత్రమనియు మన పాఠ్యగ్రంథములు నేటికిని ఉపదేశించుచున్నవి. ఈ జన్యువాదము అర్ధసత్యము. ఏ కణము ఏమి కావలెనను తొలి నిర్ణయము పిండము యొక్క జన్యువులు మేల్కొనుటకు పూర్వమే, తల్లి అండమునందు ఏర్పరచిన ద్రవ్యవిన్యాసమునందు కలదని నా సిద్ధాంతము.

జన్యువాదులు మొదట ఉదాహరించునది థియొడోర్ బొవేరిని. రెండు శుక్రకణములు ప్రవేశించిన అండములు ఒక్కసారిగా నాలుగు ఖండములై, క్రోమోజోములు అసమానముగా పంచబడినప్పుడు, ఆ ఖండములు వేర్వేరు లోపములతో పెరుగుటను ఆయన 1902లో ప్రకటించి, క్రోమోజోములు ఒకదానికొకటి గుణముచేత భిన్నములని నిరూపించెను. ఇది కాదనరానిది. కాని వీరు మరచునది, అదే బొవేరి అంతకు ఒక సంవత్సరము ముందు, 1901లో, మధ్యధరా సముద్రపు అర్చిన్ అండమునందలి వర్ణపట్టెను ఆధారము చేసికొని, ఫలదీకరణమునకు ముందే అండమునకు ధ్రువభేదము కలదని చూపిన సంగతి. ఆయన రెంటిని గ్రహించెను. ఆయన పేరు చెప్పువారు ఒకదానిని మాత్రమే గ్రహించిరి.

రెండవ సాక్షి స్వీడను దేశీయుడగు స్వెన్ హోర్‌స్టాడియస్. ఫలదీకరణము కాని అండమును ఆయన సన్నని గాజుసూదితో మధ్యరేఖవెంట అడ్డముగా కోసి, రెండు భాగములను విడివిడిగా ఫలదీకరింపజేయగా, జాంతవ ధ్రువపు సగము శైలికలతో కూడిన బోలుబంతివలె నిలిచిపోయెను. శాకీయ ధ్రువపు సగమునుండియే ప్రేగు పుట్టెను. జన్యువులే సర్వస్వమైనచో, ప్రతి సగమునందును కేంద్రకమున్నప్పుడు ఈ భేదము ఎచ్చటినుండి వచ్చెను? హాన్స్ డ్రీష్ 1891లో తొలి రెండు ఖండములను విడదీసి, ఒక్కొక్కటి సంపూర్ణ డింభకమగుటను కనుగొని, చివరకు దేహాతీతమైన ప్రాణశక్తిని కల్పించుకొనెను. ఆ కల్పన అనవసరము. తొలి విదళనము ధ్రువమునుండి ధ్రువమువరకు నిలువుగా సాగును గావున, రెండు ఖండములకును రెండు ధ్రువముల ద్రవ్యము సమానముగా లభించును. హోర్‌స్టాడియస్ కోత అడ్డముగా సాగినది గావుననే ఫలితము మారెను.

మూడవ సాక్ష్యము మరింత బలవత్తరము. వుడ్స్ హోల్ కేంద్రమున ఎథెల్ బ్రౌన్ హార్వే 1936లో, అర్బేసియా అను అర్చిన్ అండములను అపకేంద్రయంత్రమున త్రిప్పి, కేంద్రకము లేని భాగములను వేరుచేసి, ఉప్పుసాంద్రత పెంచిన సముద్రజలముతో ఉత్తేజపరచగా, అవి కేంద్రకము లేకయే వందలాది కణములుగా విభజింపబడెను. 1964లో పాల్ గ్రాస్, కుజినో పండితులు ఆక్టినోమైసిన్‌తో నూతన ఆర్.ఎన్.ఏ. ఉత్పత్తిని అణచినను, పిండములు ప్రోటీనులను తయారుచేయుచు బ్లాస్టులా వరకు పెరిగినవి. గాస్ట్రులా దశకు మాత్రము చేరలేకపోయినవి. తొలి ప్రయాణమునకు కావలసిన వార్తాహర ఆర్.ఎన్.ఏ.ను తల్లి ముందే మూటగట్టి యుంచెనని దీని భావము.

ప్రతివాదులు ఇప్పుడు ఎరిక్ డేవిడ్‌సన్‌ను ముందునకు తెత్తురు. ఆయనయు రాయ్ బ్రిటెనును కలిసి 1969లో ప్రకటించిన జన్యునియంత్రణ సిద్ధాంతమును, 2002లో వెలువడిన నియంత్రణజాల చిత్రమును, 2006లో పూర్తియైన ఊదా అర్చిన్ జీనోమును, అందలి సుమారు 23,300 జన్యువులను నేను అత్యంత గౌరవముతో చదివితిని. ఆ జాలమునందే నా వాదమునకు ఆధారమున్నది. పదునారు కణముల దశయందు శాకీయ ధ్రువమున పుట్టు నాలుగు సూక్ష్మఖండములు డింభకపు అస్థిపంజరమును నిర్మించును. అస్థినిర్మాణ జన్యువులను హెస్-సి అను ప్రోటీను అంతటను మూసియుంచగా, పిమార్-1 అనునది ఆ హెస్-సిని సూక్ష్మఖండములందు మాత్రము అణచును. మీ కాలువ లాకు తలుపులు నీటిని నెట్టక దారిమాత్రము విడుచునట్లు, ఇచ్చట జన్యువు మేల్కొనుటకు నిషేధము తొలగుటయే చాలును. మరి పిమార్-1ను అచ్చటనే మేల్కొలుపునది ఏది? కేంద్రకమున చేరు బీటా-కెటీనిన్. అది శాకీయ ధ్రువముననే నిలుచుటకు కారణము? ఆ ధ్రువపు పొరయందు అండకాలమునుండియే చేరియున్న డిషెవెల్డ్ అను ప్రోటీను. జాలపు మొదటి ముడిని విప్పి చూచినచో, అచ్చట తల్లి చేయి కనబడును.

పిమార్-1ను అన్ని కణములందును బలవంతముగా నింపినచో అన్నియు అస్థికణములగును గదా అని అడుగుదురు. అది ప్రతికణమునకును ఆ సామర్థ్యము కలదని చూపును. సహజముగా ఆ నాలుగు సూక్ష్మఖండములకే అది దక్కుటకు హేతువును చెప్పదు. తల్లి ద్రవ్యమును గూడ తల్లి జన్యువులే చేసినవి గదా అని చివరి ఆక్షేపణ. ఒప్పుకొందును. కాని ఆ తల్లి జన్యువులు పనిచేసినది మరియొక సజీవకణమునందే. దానికి మూలము మరియొక తల్లి అండము. కణము లేక జన్యువు ఎన్నడును ఒంటరిగా పనిచేసియుండలేదు. ఈ పరంపర ఎచ్చటను తెగలేదు.

ఇందుచేతనే నా ప్రస్తుత పరిశ్రమ విశాఖపట్టణపు రాతితీరముపై సాగుచున్నది. అచ్చటి బండల సందులందు నివసించు స్టొమోప్న్యూస్టిస్ వేరియొలారిస్ అర్చిన్లనుండి వేర్వేరు ఋతువులందు, పొటాసియం క్లోరైడు ద్రావణమునెక్కించి అండములను రాబట్టి, తల్లి గడిపిన జలపరిస్థితి అండద్రవ్యమును ఎట్లు మార్చునో పరిశీలింప యత్నించుచున్నాను. కాలిఫోర్నియా ఊదా అర్చిన్లలో తల్లిదండ్రులు గడిపిన జలపరిస్థితి సంతతి జన్యువుల ప్రతిస్పందనను మార్చునని గ్రెచెన్ హాఫ్‌మన్ బృందము 2018లో ప్రకటించెను. అందు తల్లి వంతును వేరుచేసి చూపుట నా ఉద్దేశ్యము. మన బంగాళాఖాతమున వర్షకాలపు నదీజలములవలన ఉపరితల లవణత మిక్కిలి తగ్గును. ఈ దుమ్ముగూడెపు ఆనకట్ట దాటిపోవు గోదావరికిని అందు భాగము కలదు. ఆ మార్పును సహించిన తల్లి తన అండములకు ఏమి ఇచ్చునో తెలిసికొనుటకు మన తీరముకంటె తగినది ఎచ్చటనున్నది?

కావున ఈ ధర్మనిధి నిర్వాహకులకు నా విన్నపము ఇది. ప్రతి సంవత్సరమును ఈ ప్రాంతపు విద్యార్థులను కొందరిని విశాఖపట్టణపు తీరమునకు పంపుడు. అండము విభజింపబడుటను వారి కన్నులతోనే సూక్ష్మదర్శినిలో చూడనిండు. పాఠ్యపుస్తకములను వ్రాయు మిత్రులకు మరియొక మనవి. బొవేరి 1902 పరిశోధన ప్రక్కనే ఆయన 1901 పరిశోధనను, డేవిడ్‌సన్ జాలము ప్రక్కనే హోర్‌స్టాడియస్ కోతను ఒకే పుటలో ముద్రింపుడు. జన్యువు గొప్పతనము దానివలన తగ్గదు. అది ఎవరికి ప్రత్యుత్తరమిచ్చుచున్నదో మాత్రము మన బిడ్డలకు తెలియును.