96 ఆల్బమ్‌లో లేని పాట

ఇవాళ ఒక తమిళ ఆల్బమ్ గురించి మాట్లాడుకుందాం. '96'. 2018 అక్టోబర్‌లో వచ్చిన సినిమా, విజయ్ సేతుపతి, త్రిష. 2020లో శర్వానంద్, సమంతలతో మనకి 'జాను'గా వచ్చింది చూడండి, అదే కథ. రెండిటికీ డైరెక్టర్ ప్రేమ్ కుమార్ గారే, మ్యూజిక్ గోవింద్ వసంత గారే.

ముందే చెప్పేస్తున్నా, నాకు తమిళం రాదు. సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో నైట్ షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఈ ఆల్బమ్ వినేవాడిని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఇంటి ముందు క్యాబ్ ఆగినా, పాట అయ్యేదాకా దిగబుద్ధి కాదు. డ్రైవర్ అన్న వెనక్కి తిరిగి చూసేవాడు, నిద్రపోయానేమో అని.

ఎందుకిలా పట్టుకుంది అని తర్వాత తీరిగ్గా కూర్చుని విన్నా. నాకు దొరికిన జవాబు కొంచెం వింతగా ఉంటుంది. ఈ ఆల్బమ్ మొత్తాన్నీ, ఈ ఆల్బమ్‌లో లేని ఒక పాట చుట్టూ కట్టారు.

సినిమా చూడనివాళ్ళు ఉంటే ఇక్కడ స్పాయిలర్ ఉంది, మీ ఇష్టం.

తంజావూరు స్కూల్లో రామ్, జాను. ఆ అమ్మాయి పూర్తి పేరు జానకీదేవి. సింగర్ ఎస్. జానకి గారి పేరు పెట్టారు. జానకి గారు మన గుంటూరు జిల్లాలో పుట్టినావిడే, గుర్తుంది కదా. జాను బాగా పాడుతుంది. పాటలన్నీ ఇళయరాజా గారివే. రామ్‌కి ఒక్కటే కోరిక, 1991లో వచ్చిన 'దళపతి'లోని 'యమునై ఆట్రిలే' పాడాలి. అది చాలా చిన్న పాట. కృష్ణుడి కోసం ఎదురుచూసే రాధ పాట. వాడు నోరు తెరిచి అడగలేడు, ఫ్రెండ్స్‌తో అడిగిస్తాడు. ఈ అమ్మాయి కావాలనే అది తప్ప మిగతావన్నీ పాడుతుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత, ఒక రాత్రి, కరెంటు పోయిన చీకట్లో మొదలుపెడుతుంది. ఆ గొంతు తప్ప పక్కన ఇంకేం లేదు.

ఇప్పుడు మ్యూజిక్ డైరెక్టర్ సీట్లో కూర్చుని ఆలోచించండి. మీ సినిమాలో జనం ఊపిరి బిగబట్టి వినే పాట మీది కాదు, వేరేవాళ్ళది! అది కూడా ఇళయరాజాది! ఇంకొకరైతే పోటీకి ఒక పెద్ద ఆర్కెస్ట్రా దింపేవాళ్ళేమో. గోవింద్ వసంత వెనక్కి తగ్గారు. అందుకే ఆయన పాటలు అంత మెల్లగా, అంత ఖాళీగా ఉంటాయి. 'కాదలే కాదలే' వినండి. ఆ వయొలిన్ ఆయన వాద్యమే. తైక్కుడం బ్రిడ్జ్ బ్యాండ్‌లో ఆయన వయొలినిస్ట్. ఆ ట్యూన్ ఎక్కడా గట్టిగా ఏడవదు. ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు ఉంటుంది. రామ్ క్యారెక్టర్ కూడా అంతే కదా.

ఇంకో విషయం. సినిమాలో గోవింద్ వసంత పాటలకి హీరో హీరోయిన్ పెదాలు కదపరు. పాట వెనకాల నడుస్తుంది. 'ది లైఫ్ ఆఫ్ రామ్'లో రామ్ కెమెరా పట్టుకుని ఒంటరిగా తిరుగుతుంటాడు, ప్రదీప్ కుమార్ గొంతు వాడి తరఫున మాట్లాడుతుంది. కార్తీక్ నేతా, ఉమాదేవి రాసిన మాటలన్నీ వీళ్ళ మనసులో ఉన్నవే తప్ప నోటితో అన్నవి కావు. తెలుగులో ఈ లైఫ్ ఆఫ్ రామ్ రాసింది సిరివెన్నెల గారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి ఒకసారి.

మరి జాను గొంతు? చిన్మయి. ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు ఆవిడవే. చీకట్లో పాడిన ఆ పాటా ఆవిడే. త్రిషకి డబ్బింగ్ కూడా ఆవిడే. అంటే జాను మాట్లాడినా, పాడినా, వెనకాల పాట వచ్చినా ఒకే మనిషి. అందుకే మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో మన చెవికి అతుకు తెలీదు. ఆ సినిమా వచ్చిన మరుసటి నెలే తమిళ డబ్బింగ్ యూనియన్ ఆవిడ సభ్యత్వం తీసేసింది. త్రిషకి తమిళంలో మళ్ళీ ఆ గొంతు వినిపించింది 2023లో, 'లియో'లో. ఐదేళ్ళు! ఒక గొంతు ఎప్పుడూ అక్కడే ఉంటుందిలే అనుకుంటాం. ఉండదు.

ఇక్కడ ఒక పెద్ద గొడవ కూడా ఉంది, దాటేయను. 2019లో ఒక ఇంటర్వ్యూలో ఇళయరాజా గారు ఇలా పాత పాటలు వాడుకోవడాన్ని గట్టిగానే తప్పుబట్టారు. ఆ కాలం చూపించాలంటే ఆ కాలానికి తగ్గ పాట మీరే చేసుకోవచ్చు కదా అని ఆయన వాదన. కొంచెం ఘాటుగా అన్నారు, ఫ్యాన్స్‌కి కోపం వచ్చింది. ఆయన పాయింట్‌లో న్యాయం ఉంది. నాస్టాల్జియా కోసం పాత పాట పెట్టేసి చప్పట్లు కొట్టించుకునే సినిమాలు మనమూ చూస్తున్నాం. కానీ 96 విషయంలో నేను ఒప్పుకోలేను. తొంభైల్లో తంజావూరులో స్కూల్ పిల్ల ఏం పాడుతుంది? ఇళయరాజా పాటే పాడుతుంది. కొత్త ట్యూన్ ఎంత బాగున్నా, ఆ పిల్లాడు ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన పాట అది అవ్వదు.

ఆల్బమ్‌లో 'అందాది' అనే పాట ఉంది. అందాది అంటే తమిళ పద్యాల్లో ఒక పద్ధతి. ఒక పద్యం ఎక్కడ ముగిసిందో ఆ మాటతోనే తర్వాతది మొదలవుతుంది. మనం తెలుగు క్లాసులో మార్కుల కోసం బట్టీ పట్టిన ముక్తపదగ్రస్తం కూడా ఇంచుమించు ఇదే. ముగిసిన చోటే మళ్ళీ మొదలు. ఈ కథకి ఇంతకంటే మంచి పేరు దొరకదు.

చివరిగా ఒకటి చెప్పి ఆపేస్తా. మా అమ్మ వంట చేస్తూ జానకి గారి పాటలు పాడేది. నేను హాస్టల్‌కి వెళ్ళాక, తర్వాత జాబ్, ఎప్పుడు మానేసిందో కూడా నాకు తెలీదు. జాను చూశాక ఒకరోజు అడిగా. "ఇప్పుడు గొంతు ఎక్కడిది రా, పో" అంది. ఇంకాస్త బతిమాలితే మొదలుపెట్టింది. రెండు లైన్లు కూడా అవ్వలేదు, రికార్డ్ చేద్దామని నేను ఫోన్ తీశా. అమ్మ చూసింది, నవ్వేసింది, ఆపేసింది. మళ్ళీ పాడలేదు.

తప్పు నాదే. మన ఫోన్లో లక్షల పాటలు ఉన్నాయి, ఏది కావాలన్నా సెకన్లో వస్తుంది. కానీ ఒక మనిషిని "నాకోసం పాడవా" అని అడగడం మానేశాం. అడిగినా, చేతిలో ఫోన్ ఉంటుంది. రామ్‌కి ఆ పాట చీకట్లో దొరికింది. రికార్డింగ్ లేదు, రిపీట్ లేదు.

ఈ ఆదివారం ఊరెళ్తున్నా. మళ్ళీ అడుగుతా. ఫోన్ మాత్రం వేరే గదిలో ఛార్జింగ్ పెట్టేసి వెళ్తా. మీ ఇంట్లో కూడా పాడటం మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒకసారి అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.