వోటరు మనస్సు: ప్రజాభిప్రాయ సేకరణము



ఎన్నికలు సమీపించినప్పుడెల్ల రాజకీయపక్షములవారు మన సంఘమును దర్శించి "మీవారి యభిప్రాయమేమి?" యని ప్రశ్నించుట పరిపాటి. వేదిక నలంకరించిన పెద్దలు "మావారందఱు నొక్కమాటపై నున్నా"రని యుత్తరమిచ్చుటయు పరిపాటియే. ఆ యుత్తరమునకు ఆధారమేమియో నేడు విచారింపవలసియున్నది.

1936వ సంవత్సరమున అమెరికా దేశాధ్యక్షపదవికి రూజ్‌వెల్టు, లాండన్ అనువారు పోటీచేసిరి. 'లిటరరీ డైజెస్టు' అను వారపత్రిక సుమారు ఒక కోటిమందికి తపాలా ద్వారా ప్రశ్నపత్రములు పంపెను. 23 లక్షలకు పైగా ప్రత్యుత్తరములు వచ్చెను. వానిని లెక్కించి లాండనే గెలుచునని పత్రిక ప్రకటించెను. కాని రూజ్‌వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. 1938లో నా పత్రికయే యంతరించెను. అంతకంటె ఎంతో తక్కువమందిని ప్రశ్నించిన జార్జి గాలప్ మాత్రము విజేతను సరిగా చెప్పగలిగెను.

దీనికి కారణమేమి? పత్రికవారు టెలిఫోనులు, మోటారుకార్లు గలవారి పట్టికలనుండి పెక్కు పేర్లను గ్రహించిరి. ఆర్థికమాంద్యపు దినములలో బీదలకు ఆ పట్టికలలో చోటెక్కడిది? పైగా ప్రత్యుత్తరము వ్రాయు నుత్సాహము రూజ్‌వెల్టునెడ విముఖులైనవారికే హెచ్చుగ నుండెను. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునందురు. నిజమే, కాని కుండను బాగుగ కలిపిన పిదప పట్టిన మెతుకై యుండవలెను.

గాలపును 1948లో పొరబడెను. పోలింగునకు ముందుగనే ప్రశ్నించుట మానుటచే, కడపటి దినములలో ట్రూమన్ వైపు మరలిన జనులను అతడు కనుగొనలేకపోయెను. మన దేశమునను 2004వ సంవత్సరపు లోక్‌సభ యెన్నికలలో పెక్కు అంచనాలు తలక్రిందులయ్యెను.

మహాజనులారా! ఈ సభకు వచ్చినవారము మనమెవరము? ప్రయాణవ్యయము భరింపగలవారము, తీరిక గలవారము. కూలికి పోయినవారు, పొట్టకూటికై పరదేశమేగిన యువకులు, గడపదాటని స్త్రీలు ఇచట లేరు. మనమే మనవారందఱమని తలచుట ఆ పత్రిక చేసిన పొరబాటే కాదా?

కావున నాదొక మనవి. ప్రతి మండలమునందును మనవారి కుటుంబముల పట్టిక వ్రాయుడు. చీట్లువేసి కొన్ని పేర్లు తీయుడు. ఆ యూరి పెద్దలు గాక, పరిచయములేని వారు పోయి ప్రశ్నింతురు గాక. స్త్రీలను స్త్రీలే యడుగుదురు గాక. చెప్పినవారి పేరు వెల్లడి కారాదు. ఏ పక్షమునకు వోటిత్తురని గాక, బడియా, నీరా, ఋణవిముక్తియా, ఏది ముందుగా కావలయునని యడుగుడు. ఆ ఫలితములను అన్ని పక్షములవారి యెదుటను ఉంచుడు.

వైద్యుడు నాడి చూచుట రోగమెఱుగుటకే గాని, రోగికి ప్రియము పలుకుటకు గాదు. ప్రజల మనస్సెఱిగి వారికి తీపిమాటలు చెప్పుట యొక వ్యాపారము. వారి కష్టము దీర్చుట సేవ. మన సంఘము రెండవదానినే యవలంబించునుగాక యని కోరుచు విరమించుచున్నాను.