అతిథి కుక్కకు 14 రోజుల విడిది



సంతలో కొత్త ఎద్దును కొన్న రైతు దానిని తోలుకొని వచ్చి, ఆ సాయంత్రమే తన పాడి ఆవుల పక్కన కట్టివేయడు. కొన్నాళ్లు వేరు పాకలో ఉంచును. మేత సరిగా తినుచున్నదా, నోట చొంగ కారుచున్నదా, గిట్టలు పుండ్లు పడినవా అని చూచుకొని, ఆ తరువాతనే మందలో కలుపును. పల్లెలో అందరెరిగిన ఈ జాగ్రత్తను, పట్నములో కుక్కను ఇంటికి తెచ్చువారు మరచుచున్నారు. నేను చెప్పదలచినది ముఖ్యముగా దీనిని గురించియే.

అబిడ్స్, నాంపల్లి ప్రాంతములలో మేడమీది చిన్న వాటాలలో కాపురముండువారికి పెద్ద కుక్కను పెంచుట కష్టము. అయినను, యజమానులు వదలివేసిన పొమేరియన్, పగ్ వంటి చిన్న కుక్కలకును, దిక్కులేని వీధి కుక్కపిల్లలకును, శాశ్వతముగా పెంచువారు దొరుకువరకు కొన్ని వారములు ఇంట చోటు ఈయవచ్చును. 1992లో ఏర్పడిన హైదరాబాదు బ్లూ క్రాస్ వంటి సంస్థలు మూగజీవుల సంరక్షణకై పనిచేయుచున్నవి. ఎంత శ్రద్ధగా చూచినను, అనేక కుక్కలు ఒకచోట చేరినపుడు అంటురోగములు వ్యాపించుటకు వీలుండును. కావున తెచ్చువారే ముందుజాగ్రత్త పడవలెను.

అన్నిటికంటె భయపడవలసినది పార్వో వ్యాధి. 1978 ప్రాంతమున ప్రపంచమంతట బయటపడిన ఈ వ్యాధిలో వాంతులు, నెత్తురుతో కూడిన దుర్వాసన గల విరేచనములు కలిగి, పిల్లలు రెండు మూడు రోజులలోనే చనిపోవచ్చును. వైరసు సోకిన తరువాత సాధారణముగా 3 నుండి 7 రోజులకు, ఒక్కొక్కప్పుడు 14 రోజులకు లక్షణములు కనబడును. నేడు గంతులు వేయుచున్న పిల్ల, వచ్చే వారము మంచము పట్టవచ్చును. ఈ లోపల మీ ఇంటి కుక్కకును అంటించును. అందువలననే 14 రోజులు వేరుగా ఉంచవలెననుట.

రెండు గదుల వాటాలో వేరు గది ఎక్కడిది అందురేమో! తలుపు గల స్నానాల గది చాలును. నీడ, గాలి ఉన్న వరండాయైనను సరే. గిన్నె, పాత దుప్పటి, చీపురు వేరుగా ఉండవలెను. ముందు ఇంటి కుక్క పని ముగించి, తరువాత కొత్తదాని పని చూడవలెను. బయటకు వచ్చునపుడు చెప్పులు మార్చి, సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. నేలను ఫినాయిలుతో తుడిచిన ఈ వైరసు చావదు. పైగా పిల్లులున్న ఇంట ఫినాయిలు హానికరము. నేలను ముందు కడిగి, బట్టల బ్లీచు ద్రావణము 1 వంతుకు 30 వంతుల నీరు కలిపి, 10 నిమిషములు నిలువ ఉంచవలెను. టీకాలు పూర్తికాని పిల్ల ఇంట ఉన్నచో, ప్రస్తుతమునకు కొత్తదానిని తేకుండుటయే మంచిది. రాత్రివేళ కొత్త పిల్ల మూలుగు విని, పాపమని తలుపు తీయువారు చాలమంది. ఆ తలుపు బయట కూర్చుండి మాటలాడుడు, తీయవలదు.

గడువు తీరిన తరువాత తొలి కలయిక ఇంటిలో జరుగరాదు. ఇల్లు పాత కుక్క సొత్తు. అబిడ్స్‌లో దుకాణములు తెరచిన తరువాత నడచుటకే చోటుండదు, ఆదివారము పేవుమెంటుపై పాత పుస్తకములు పరచెదరు. కావున తెల్లవారుజామున, సందులు ఖాళీగా ఉన్నపుడు, ఇద్దరు మనుష్యులు చెరి యొక గొలుసు పట్టుకొని, పది అడుగుల ఎడముతో ఒకే దిక్కుకు నడువవలెను. గొలుసు వదులుగా ఉండవలెను. తోక నిలిపి, బిగుసుకొని, రెప్పవేయక చూచినచో ఎడము పెంచుడు. ఇంటికి వచ్చిన పిదప అన్నము వేరు వేరు చోట్ల పెట్టి, ఎముకలు, ఆటవస్తువులు తీసివేయవలెను. పాత కుక్క గుర్రుమన్నచో కొట్టరాదు. అది చేయు హెచ్చరిక అది. దెబ్బలతో దానిని మాన్పినచో, ఈసారి హెచ్చరిక లేకయే కరచును. పిల్లి ఉన్న ఇంట, అది ఎక్కి కూర్చుండుటకు ఎత్తైన చోటు చూపవలెను.

కరచినను, గోరు గీచినను, పారు నీటిలో సబ్బుతో 15 నిమిషములు కడిగి, అదే రోజున వైద్యుని చూడవలెను. రేబిస్ లక్షణములు బయటపడిన తరువాత మనిషి బ్రతుకుట దాదాపు అసాధ్యము. అబిడ్స్‌కు దగ్గరలోనే, నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉన్నది. కుక్కపిల్లకు మూడవ నెల నిండగనే రేబిస్ టీకా వేయించుడు.

దీపావళి వారమునను, జనవరి 1న ఆరంభమగు నుమాయిష్‌కు నాంపల్లి వీధులు జనముతో నిండు దినములలోను కొత్త కుక్కను తేవలదు. చప్పుడుకు బెదరి, తెరచిన తలుపు చూచి పారిపోవును. మెడపట్టీపై మీ ఫోను నెంబరు తొలి రోజే వ్రాయవలెను.

శాశ్వతముగా పెంచువారికి అప్పగించునపుడు టీకాల చీటీతో పాటు, అది తినునది, భయపడునది, ఇతర జంతువులతో మెలగు తీరు ఒక కాగితముపై వ్రాసి ఈయుడు. అది పడుకొన్న పాత దుప్పటిని ఉతకక వెంట పంపుడు. కొత్త ఇంట దానికి తెలిసిన వాసన అదొక్కటే.